డోర్కస్ చేతిలో తాళంచెవి

ఎకువా మూడో బిందె కూడా పోసేసింది. గోనెసంచులు నీళ్లు పీల్చుకుని నల్లబడ్డాయి. కిందికి కారిన తడి కోసం కోళ్లు చేరి మట్టిని కెలుకుతున్నాయి. తల దగ్గర గోనె కాస్త జారి ఉంటే పైకి లాగి, కొబ్బరితాడు బిగించి, భుజాల మీద ఇంకో చెంబెడు చల్లింది. సిమెంటు ఎండకి గబగబా ఆరిందంటే బీటలిస్తుంది. తడిలో ఉండి నిదానంగా గట్టిపడాలి. పొద్దునా, మధ్యాహ్నం, పొద్దు వాలే ముందూ పసిబిడ్డకి పోసినట్టు పోస్తూనే ఉండాలి.

"వదినా, నీ సవతికి స్నానం అయిందా?" గోడ అవతల నుంచి పొరుగింటి ఎసి అరిచింది.

"అయింది. వీపు రుద్దడానికి నువ్వొస్తావని చూశాను."

"నేనెందుకొస్తానమ్మా! మా ఆయన అలాంటిదాన్ని ఇంటికి తెస్తే నీళ్లు కాదు, మరిగిన పామాయిలు పోసేదాన్ని."

"ఇలాంటిదైతే పొయ్యవులే. కూరలో ఉప్పెక్కువైందనదు, పండక్కి కొత్తబట్ట అడగదు, మా ఆయన్ని పల్లెత్తు మాటనదు. ఇంట్లో ఆ పనులన్నీ నేనొక్కదాన్నే చేసుకోవాల్సి వస్తోంది."

ఎసి పకపకా నవ్వింది. ఎకువా చేతులు తుడుచుకుని చేపలు కాల్చే మట్టిపొయ్యి దగ్గరికి వెళ్లింది. రోజూ ఇదే ముచ్చట. అన్సాక్రోమ్ రేవుపేటలో ఆ పెరటి ముందు నుంచి పోయేవాళ్లెవరూ బొమ్మని పలకరించకుండా పోవడం లేదు.

బొమ్మ చేసినవాడు ఎకువా మొగుడు కోబినా ఎస్సిల్ఫీ. తాపీపని అతని బతుకుదెరువు, బొమ్మలు అతని పిచ్చి. సమాధుల మీద దేవదూతలు, సారాకొట్ల ముందు మొసళ్లు చాలానే చేశాడు. కానీ అతని మనసంతా కొండమీది కాలేజీ మీదే. ఆడపిల్లలకి టీచరు చదువు చెప్పే ఆ కాలేజీ ఆవరణలో పెద్ద బొమ్మలు మూడున్నాయి. వాటిలో ఒక్కటి కూడా కోబినా చేసింది కాదు. మూడింటికీ వైద్యం చేసింది మాత్రం అతనే.

మొదటిది బిషప్పు తల. కాలేజీ పెట్టిన కొత్తల్లో ఓడ మీద వచ్చింది. అప్పట్లో రేవు లేదు, ఓడ నుంచి సరుకు పడవల్లో ఒడ్డుకి చేర్చేవాళ్లు. అల వచ్చి పడవ బోర్లాపడి బిషప్పు సముద్రంలో మునిగాడు. ఊరిని పంచుకున్న పాతకాలపు పోరుదళాలు రెండున్నాయి, ఎవరి జెండా వాళ్లది. ఒకటో దళం బెస్తలు వలవేసి పైకి లాగారు. రెండో దళం వాళ్లు భుజాల మీద కొండెక్కించారు. బిషప్పు మావాడంటే మావాడని రెండు దళాలూ ఇప్పటికీ అంటాయి. ముక్కు మాత్రం సముద్రంలోనే ఉండిపోయింది. కోబినా కొత్త ముక్కు పెట్టాడు. ఉప్పుగాలి దాన్ని కొరుక్కు తింటే ఇంకోటి పెట్టాడు. ఇప్పుడున్నది మూడోది. అది అచ్చం కోబినా ముక్కేనని కాలేజీ పిల్లలు నవ్వుకుంటారు.

రెండోది చదువుకునే పిల్ల. డ్రాయింగు మేడమూ, మొదటి బ్యాచి పిల్లలూ కలిసి వాగు దగ్గర బంకమట్టి తెచ్చి చేశారు. రంగులు వేద్దామనుకునేలోగా వాన కురిసి పిల్ల మోకాళ్ల దాకా కరిగిపోయింది. ఏడ్చి ఏడ్చి మళ్లీ సిమెంటుతో చేశారు. పరీక్షకి వెళ్లే ప్రతి పిల్లా ఆ బొమ్మ కుడికాలి బొటనవేలు రుద్ది వెళ్తుంది. దాంతో వేలు అరిగిపోతుంది, కోబినా వెళ్లి మళ్లీ వేలు తొడుగుతాడు.

మూడోది గేటు దగ్గరి సింహం. అసలు గొడవంతా దానితోనే మొదలైంది. సింహం రెండో దళం గుర్తు. వాళ్ల జెండా మీద సింహమే, వాళ్ల గుడి ముందు కూర్చున్నదీ సింహమే. కాలేజీ గేటు ముందు సింహం లేచిందని తెలిసి ఒకటో దళం డప్పులతో కొండెక్కింది. అప్పటి ప్రిన్సిపాల్ భయపడి జూలు చెక్కించేశారు, తోకకుచ్చు కొట్టించేశారు. మిగిలినది సింహమూ కాదు, కుక్కా కాదు. దాన్ని పిల్లలు 'ప్రిన్సిపాల్ గారి కుక్క' అంటారు. మెడ మీది గాట్లకి ఏడాదికోసారి కోబినా పూత పూసి వస్తాడు.

"ఊళ్లోవాళ్ల పిల్లలకి మందు పోయడమే అయింది నా బతుకు" అనేవాడు ఎకువాతో. "నా పిల్లనొకదాన్ని ఆ కొండమీద నిలబెట్టి పోవాలి."

కాలేజీకి యాభై ఏళ్లు నిండుతున్నాయనగా ప్రిన్సిపాల్ మిసెస్ డాడ్జీ కబురు పెట్టింది. ఆంటీ డోర్కస్ బొమ్మ చెయ్యాలంది. అప్పుడు దూరంగా ఉన్న పండగ ఇప్పుడు ఈ శనివారానికి వచ్చేసింది, బొమ్మ నిలబెట్టడమూ ఆ రోజే.

ఆంటీ డోర్కస్ కాలేజీ పుట్టినప్పటి నుంచీ తను చనిపోయే దాకా అక్కడ మేట్రను. వంటిల్లు, సరుకుల కొట్టు, పిల్లలు పడుకునే గదులు, అన్నీ ఆవిడ చేతిలోనే. ఈ తీరంలో బడిపంతులమ్మ అన్న ప్రతి మనిషీ ఏదో ఒకనాడు ఆవిడ చేత తిట్లు తిన్నదే. ఎడమకన్ను కొంచెం చికిలించి, పెదాలు బిగించి చూసిందంటే ఎంతటివాళ్లయినా చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకునేవాళ్లు. నడుముకి తాళాల గుత్తి. మనిషి కంటే ముందు ఆ చప్పుడు వచ్చేది.

కోబినా నెలల తరబడి ముఖం మీదే కూర్చున్నాడు. ముఖం కుదిరింది. తాళాలు కుదరలేదు. ఇనపచువ్వకి తీగవల చుట్టి దానిమీద సిమెంటు మెత్తుతారు. వేలికంటే సన్నగా ఏది చేసినా గాలికే విరుగుతుంది. గుత్తి రెండుసార్లు చేశాడు, రెండుసార్లూ విరిగింది. చివరికి ఒకే ఒక్క తాళంచెవి, ముంజేయంత పొడుగుది చేసి, కుడిచేతిలో పెట్టి గుండెలకి ఆనించాడు.

"ఒకటైతేనేం, గట్టిగా ఉంది" అన్నాడు. ఎకువా కూడా బాగుందంది. చిన్నప్పుడు కాలేజీ గేటు దగ్గర వేయించిన పిండిబూరెలు అమ్మేది ఎకువా. తాళంచెవి అంటే ఆవిడకి గుర్తొచ్చేది డోర్కస్ ఒక్కతే. అందుకే ఆ తాళంచెవిలో ఎవరికైనా ఇంకేదో కనబడుతుందని ఇద్దరికీ తట్టలేదు.

గురువారం రంగు వెయ్యడానికి గోనెలు విప్పారు. ఎసి గోడ మీదికి ఎగబాకి చూసింది.

"అమ్మో, బతికున్న మనిషిలా ఉంది! నేనిప్పుడు గోడ దిగిపోవాలా ఏంటి... వదినా, ఆ చేతిలో ఏంటి?"

"తాళంచెవి."

"అది తెలుస్తోందిలే. ఎవరి తాళంచెవి?"

కోబినా చేతిలో కుంచె ఆగిపోయింది. ఎకువా బొమ్మ వైపు చూసింది. ఇన్నాళ్లూ తను నీళ్లు పోసి పెంచిన ఆ తాళంచెవి ఒక్కసారిగా మారిపోయి ఇంకోలా కనబడింది. సముద్రపు ఒడ్డున ఒకటో దళం గుడి మీద మనిషెత్తున నిలబెట్టిన తాళంచెవి. వాళ్ల జెండా మీది తాళంచెవి. అదే వంపు, అవే పళ్లు. కోబినా ఒకటో దళం మనిషి. పుట్టిన దగ్గర్నుంచి చూసినది చేతికి అదే వచ్చేసింది.

అన్సాక్రోమ్‌లో కులం తల్లి నుంచి వస్తుంది, దళం తండ్రి నుంచి వస్తుంది. అందుకే కోబినా ఒకటో దళమైతే, అదే ఇంట్లో ఎకువా రెండో దళం. ఎసీ రెండో దళమే. అది చాలదన్నట్టు రెండో దళానికి సూపి, అంటే అందరికంటే పెద్ద తలకాయ, ఎకువా తండ్రి క్వామెనా ఓటూ. రేవుపేట నుంచి కొండకి దారి ఒక్కటే. అది రెండో దళం వీధిలోంచే పోతుంది. ఒకళ్ల గుర్తు ఇంకొకళ్ల వీధిలోంచి మోసుకుపోవడమంటే ఇంటికొచ్చి ముఖాన ఉమ్మినట్టు. తాతల కాలంలో అలాంటి పనికి తలలు పగిలాయి, పోలీసులు డప్పులు పట్టుకుపోయారు.

"ఎసీ" అంది ఎకువా, "నువ్వేం చూడలేదు."

"నేనేం చూడలేదు" అంది ఎసి. గోడ దిగింది. మధ్యాహ్నానికల్లా ఊరంతా చూసేసింది.

ముందుగా వచ్చినవాడు ఒకటో దళం కెప్టెన్ ఫీఫీ అబాకా. తిట్టడానికి కాదు, మెచ్చుకోవడానికి. కోబినాకి అదే ఎక్కువ భయం వేసింది.

"శభాష్ కోబినా! నోట్లో నాలుక లేదనుకున్నాను. మామగారి ముక్కు కింద నుంచి మన తాళంచెవి కాలేజీకి తీసుకుపోతావా? మా నాన్న బతికి ఉంటే ఈ ఆనందానికే పోయేవాడు."

"బాబాయ్, నేనది అనుకుని చెయ్యలేదు. సన్నవి నిలవట్లేదని..."

"అలాగే చెప్పు. ఎవరడిగినా అలాగే చెప్పు." కన్నుకొట్టాడు అబాకా. "మోయడానికి మన కుర్రాళ్లు ఎనిమిది మందిని పంపుతున్నా. ఒక్కమాట. ఎవరైనా బెదిరించారని ఆ తాళంచెవి విరగ్గొట్టావో, మన దళం జెండా చింపినట్టే. నీ గడప మళ్లీ తొక్కం."

అతను అటు వెళ్లగానే కొండ మీద నుంచి మిసెస్ డాడ్జీ దిగింది. ఆయాసపడుతూ బల్ల మీద కూర్చుని బొమ్మని చూసింది. చూడగానే వెన్ను నిటారు చేసుకుంది. తనూ ఆ కాలేజీ పిల్లే ఒకప్పుడు.

"ఎంత బాగా వచ్చిందయ్యా! ఇప్పుడేం చేద్దాం? తాళంచెవి తీసేసి గరిటె పెడదామా?"

"గరిటె పక్కూరి ఐదో దళానిదండి."

"పోనీ గొడుగు?"

"గొడుగు రాజుగారికి తప్ప పెట్టకూడదు కదా అమ్మా" అంది ఎకువా.

"చేప?"

"చేప గురించి అసలు మాట్లాడకండి" అన్నాడు కోబినా.

ప్రిన్సిపాల్ తల పట్టుకుంది. "గేటు దగ్గర ఒక కుక్క ఉంది నాకు. ఇంకో కుక్క వద్దయ్యా. పోనీ చెయ్యి ఖాళీగా ఉంచెయ్యి."

"ఖాళీ చేతుల ముసలమ్మని చేసి పెట్టమంటే ఎవరైనా పెడతారమ్మా" అన్నాడు కోబినా. కుంచెని మళ్లీ రంగులో ముంచాడు. "అది ఆంటీ డోర్కస్ కాదు."

ఆవిడ వెళ్లాక కోబినా చాలాసేపు బొమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. విరగ్గొడితే తనవాళ్లు గడప తొక్కరు. విరగ్గొట్టకపోతే మామగారి వీధి దాటదు. బొమ్మ ఈ పెరట్లోనే కోళ్ల మధ్య నిలబడిపోతుంది. మళ్లీ బిషప్పు ముక్కులూ, పిల్ల బొటనవేళ్లూ.

"రంగు ఆరిపోతోంది" అంది ఎకువా. "ముందు అది వెయ్యి. నాన్నతో నేను మాట్లాడతా."

"ఏమని?"

"అది నాకూ తెలీదు."

సాయంత్రం తల్లి ఇంటికి వెళ్లింది. తల్లి మామె ఆబా తన పుట్టింటివాళ్లతో ఉంటుంది, తండ్రి తన వాళ్లతో ఉంటాడు. ఈవిడ వండి పంపుతుంది, ఆయన తింటాడు. పాతకాలపు జంటలకి అదే పద్ధతి, నలభై ఏళ్లుగా అంతే. ఎకువా చెప్పినదంతా విని మామె ఆబా బెండకాయ పులుసు కలుపుతున్న గరిటె వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లంట నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఏంటమ్మా, నా కొంప మునుగుతుంటే!"

"ఏం మునగదు. ఇవాళ గిన్నె నువ్వే పట్టుకెళ్లు. ఆయన్ని వచ్చి చూడమను. అంతే. చేతిని కాదు, ముందు ముఖాన్ని చూపించు."

"ముఖం చూస్తే ఏమవుతుంది?"

"పులుసు చల్లారిపోతోంది, పో."

సూపి ఓటూ వసారాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. కూతురు గిన్నెలు పెట్టింది. చెయ్యి కడుక్కుని పులిసిన మొక్కజొన్న ముద్ద తుంచాడు.

"ముద్ద గట్టిపడిందా నాన్నా?"

"ముద్దకేం, బాగానే ఉంది. నీ మొగుడే మెత్తబడ్డాడు. ఆ అబాకా గాడి మాట విని..."

"ఆయన ఎవరి మాటా వినలేదు. సిమెంటు మాట విన్నాడు. సన్నగా చేస్తే నిలవనంది."

"అయితే మేం సిమెంటు మీదే కోప్పడతాం. బొమ్మ మా వీధిలోంచి పోవచ్చు. ఆ చెయ్యి మాత్రం మీ ఇంట్లో ఉండాలి."

"నువ్వు చూశావా దాన్ని?"

"చూడక్కర్లేదు. ఊరంతా చూసింది."

"ఊరు చూసింది సరే. సూపి చూశాడా అని రేపు ఎవరైనా అడిగితే? ఎసి గోడెక్కి చెప్పిందట, ఈయన వీధి మూసేశాడట అంటారు. రెండో దళానికి సూపి నువ్వా, ఎసియా?"

ఓటూ నోటిదాకా వెళ్లిన ముద్ద ఆగింది. "ఈ నోరు మీ అమ్మది" అన్నాడు. తర్వాత ముద్ద పులుసులో ముంచాడు. "శనివారం పొద్దున వస్తా. చూస్తా. చూసి, ఆ చెయ్యి విరగ్గొట్టించి వస్తా."

శనివారం పొద్దున పెరట్లో కాలు పెట్టే చోటు లేదు. రంగులన్నీ ఆరిన బొమ్మని చెక్కబల్ల మీద నిలబెట్టి తాళ్లతో కట్టారు. బల్ల కింద నుంచి రెండు పొడుగాటి దుంగలు తోశారు. పైన కొత్త తెల్లగుడ్డ. అబాకా పంపిన ఎనిమిది మంది కుర్రాళ్లు దుంగల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. మిసెస్ డాడ్జీ పండగ బట్టల్లో, చేతిరుమాలు నలుపుతూ ఉంది. అబాకా పెళ్లికొచ్చినవాడిలా తిరుగుతున్నాడు. గోడ మీద ఎసితో పాటు ఇంకో అరడజను మంది ఆడవాళ్లు. కోబినా చేపల పొయ్యి వెనక, పొగలో నిలబడ్డాడు.

"ఇటు రా, ముందుకు రా" అంది ఎకువా.

"ఇక్కడ బాగానే ఉంది" అన్నాడు దగ్గుతూ.

సూపి ఓటూ వచ్చాడు. భుజం మీద నుంచి నిండుగా కప్పుకున్న ఎర్రంచు బట్ట, కాళ్లకి పెద్దమనిషి చెప్పులు, వెనక ముగ్గురు దళం పెద్దలు. ఎవరి వైపూ చూడకుండా బొమ్మ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"విప్పండి."

కోబినా కదిలాడు కానీ ఎకువా ముందే వెళ్లింది. ఇన్నాళ్లూ కట్టి విప్పింది తనే, ఏ ముడి ఎక్కడుందో వేళ్లకి తెలుసు. కింది ముడులు ముట్టుకోలేదు. తల దగ్గరిది విప్పి, గుడ్డని మెడ దాకా దింపి, అక్కడ పట్టుకుంది.

ఎడమకన్ను కొంచెం చికిలించి, పెదాలు బిగించి, ఆంటీ డోర్కస్ సూపి ఓటూని చూసింది.

అనుకోకుండానే ఆయన కుడిపాదం చెప్పులోంచి బయటికి వచ్చింది. తర్వాత ఎడమపాదం. రాజుగారి ముందు నిలబడ్డప్పుడు చేసినట్టు, ఎడమచెయ్యి పైకి లేచి భుజం మీది బట్టని చంక కిందికి దించింది. వట్టి భుజంతో, వట్టికాళ్లతో, మట్టిలో నిలబడ్డాడు సూపి. వెనకున్న పెద్దలు ఒకళ్లనొకళ్లు చూసుకుని, సూపి విప్పాడు కాబట్టి తామూ చెప్పులు విప్పారు.

కోళ్లు తప్ప ఎవరూ కదల్లేదు. పొయ్యి వెనక కోబినా దగ్గు కూడా ఆపుకున్నాడు.

అబాకాకి ఆగలేదు. "ఏంటి సూపీ, సిమెంటుకి దణ్ణం పెడుతున్నావా? మిగతాది కూడా విప్పమ్మా ఎకువా. మా తాళంచెవికి కూడా పెడతాడు."

ఓటూ ఉలిక్కిపడి తన కాళ్లవైపు చూసుకున్నాడు. చెవులు కందాయి. ఎకువా గుడ్డని ఇంకాస్త బిగించి పట్టుకుంది. ఇప్పుడు కోపం వచ్చిందంటే ఇక ఆగదు. కానీ పట్టుకుని ఎంతసేపు నిలబడుతుంది? ఒక చేత్తో కింది ముడులు లాగి గుడ్డ వదిలేసింది. అది జారి కింద పడింది. గుండెలకి ఆనించుకున్న తాళంచెవి పసుపురంగులో మెరిసింది.

"చూశారా!" అన్నాడు అబాకా అందరి వైపూ తిరిగి. "ఇది ఎవరిదో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఒకటో దళం తాళంచెవి."

"ఇంకోసారి చెప్పు ఫీఫీ, సరిగా వినబడలేదు. ఎవరి తాళంచెవి?"

గుమ్మంలో మామె ఆబా. నెత్తిన ఉన్న పళ్లెం దించి ఎకువాకి అందించింది. పండగకి కాలేజీకి తీసుకెళ్లే తీపిరొట్టెలున్నాయి అందులో.

"ఒకటో దళానిది, అక్కా" అన్నాడు అబాకా. గొంతు కొంచెం తగ్గింది.

"కాదు. అది బొగ్గులకొట్టు తాళంచెవి." ఆవిడ బొమ్మ దగ్గరికి నడిచింది. "నేను ఆ కాలేజీలో రెండో ఏడు చదువుతున్నప్పుడు, ఒక సాయంత్రం ప్రార్థన వేళ, వెనకగోడ దూకి ఒక మగాడు వచ్చాడు. నాకోసమే. నవ్వకండి, అప్పుడు నేను బాగుండేదాన్ని. అదే గోడకి అటు చివర్నుంచి ఇంకొకడు దూకాడు. వాడూ నాకోసమే. ఒకడి సంగతి ఇంకొకడికి తెలీదు. ఇద్దరి సంగతీ ఆంటీ డోర్కస్‌కి తెలిసింది. చెరో చెవీ పట్టుకుని తీసుకెళ్లి బొగ్గులకొట్లో పెట్టి తాళం వేసింది. లాంతరు పట్టుకుంది నేనే."

"ఆబా" అన్నాడు ఓటూ.

"తెల్లారకముందు తలుపు తీసింది. ఇద్దరూ నిలువునా నల్లగా ఉన్నారు. ఎవరు ఒకటో దళమో, ఎవరు రెండో దళమో పోల్చడానికి నాకే వీల్లేకపోయింది. ఒకటో దళమూ, రెండో దళమూ రాత్రంతా ఒకే బొగ్గులసంచి మీద కూర్చున్నాయి. మళ్లీ గోడ ఎక్కకపోతే ఎవరికీ చెప్పనని ఆవిడ మాటిచ్చింది. చెప్పలేదు కూడా, పోయేదాకా."

"మరి నువ్వు చెబుతున్నావేంటి!" అబాకా నోట్లోంచి జారిపోయింది.

"మాటిచ్చింది ఆవిడ. నేనివ్వలేదు."

గోడ మీది ఆడవాళ్లలో ఒకావిడ కిందికి జారిపోయింది నవ్వలేక. మిసెస్ డాడ్జీ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు దాగలేదు. దుంగల దగ్గరి కుర్రాళ్లు తమ కెప్టెన్ని చూసి మొదట పెదాలు బిగబట్టారు. తర్వాత ఒకడు ఫక్కుమన్నాడు, ఇక మిగతావాళ్లు ఆగలేదు.

"నేను బొగ్గులు కొనడానికి వెళ్లాను!" అన్నాడు అబాకా.

"గోడ దూకా, బాబాయ్?" పొయ్యి వెనక నుంచి కోబినా అడిగాడు. ఇన్ని రోజుల్లో అతను నవ్వుతూ అన్న మొదటి మాట అదే.

"గేటు మూసి ఉంది! అప్పట్లో గేటు పెందలాడే మూసేసేవాళ్లు. అసలు మా అమ్మ ఏం చెప్పిందంటే..."

ఎకువా ఈ గోలేదీ వినడం లేదు. తండ్రినే చూస్తోంది. అందరి నవ్వూ అబాకా చుట్టూ తిరుగుతుంటే ఆయన మెల్లగా బొమ్మ దగ్గరికి జరిగాడు. తాళంచెవి మీద చూపుడువేలు పెట్టాడు. పళ్ల దగ్గర్నుంచి పిడి దాకా వేలు నడిపాడు, బరువు చూస్తున్నట్టు. విరగ్గొడతాడా? కోబినా పొగలోంచి బయటికి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

ఓటూ తలెత్తి ఆ చికిలించిన కన్ను కేసి ఇంకోసారి చూశాడు. తర్వాత అల్లుడి కేసి చూశాడు. ఆ ముఖం చేసినవాణ్ణి ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

చంక కింద ఉన్న బట్టని లాగి నడుముకి బిగించి కట్టాడు, పడవ తోసే కుర్రాడిలా. ఎడమవైపు దుంగ ముందు కొసన నిలబడ్డ కుర్రాడి భుజం మీద తట్టాడు. ఒకటో దళం కుర్రాడు అయోమయంగా అబాకా వైపు చూశాడు. అబాకా ఇంకా గేటు గురించే చెబుతున్నాడు. కుర్రాడు పక్కకి తప్పుకున్నాడు. ముసలాయన వంగి దుంగ కింద భుజం పెట్టాడు. అది చూసి మిగతా ఏడుగురూ నవ్వు ఆపి గబగబా వంగారు. సూపి భుజం మీద ఉన్న బొమ్మని సూపి వీధిలో ఆపేదెవరు?

"మామయ్యా, నిదానం! మడమల దగ్గర పలచగా ఉంటుంది!" కోబినా అరిచాడు, ఆ పక్కనుంచి ఈ పక్కకి పరిగెడుతూ, చేతులు చాచి, పడితే తనే పట్టుకుంటానన్నట్టు.

బొమ్మ లేచింది. కొంచెం ఊగి, నిలదొక్కుకుంది. పళ్లెంలో రొట్టెలు జారిపోకుండా పట్టుకుని ఎకువా గుమ్మం దగ్గరి కోళ్లని తోలింది. అబాకా అప్పుడు చూశాడు. "ఆగండి, ఆగండి, నేను ముందుండాలి కదా! ఓటూ! ఓయ్, సూపీ!"

సూపి ఓటూ వెనక్కి తిరగలేదు. చెప్పులు పెరట్లోనే వదిలేసి, వట్టికాళ్లతో, భుజాన దుంగతో, కొండవైపు ముఖం పెట్టి, కూతురి ఇంటి గడప దాటి వెళ్లిపోయాడు.